పెళ్లయిందా అని అడిగితే బయటపడని జబ్బులు

ప్రశ్న: మండల కేంద్రంలోని పీహెచ్‌సీలో కొత్తగా చేరిన మెడికల్ ఆఫీసర్‌ని. ఓపీకి వారానికి ఇద్దరు ముగ్గురు ట్రాన్స్ మహిళలు వస్తున్నారు. గే, బైసెక్సువల్ మగవాళ్ళు, లెస్బియన్ అమ్మాయిలు వస్తున్నారో లేదో కూడా తెలియడం లేదు. ఏం అడగాలి, మా దగ్గరున్న సామాన్లతో ఏ పరీక్షలు చేయాలి, ఎక్కడ పొరపాట్లు జరుగుతాయి?

జవాబు:

డాక్టరు గారూ, వాళ్ళు వస్తున్నారు. రోజూ వస్తున్నారు. మొలల మందుకీ, దద్దురు మాత్రకీ, నిద్ర పట్టడం లేదనీ వచ్చి వెళ్ళిపోతున్నారు. మీకు తెలియకపోవడానికి కారణం మన ఓపీలో అందరం అడిగే ఆ ఒక్క ప్రశ్న: "పెళ్లయిందా?" లైంగిక చరిత్ర అంతా ఆ ఒక్క మాటలో తెలిసిపోతుందని మనకి అలవాటైపోయింది. పెళ్లయిన మగవాడు "అయింది సార్" అంటాడు. అతను మగవాళ్ళతో కూడా కలుస్తాడన్నది అక్కడే మూసుకుపోతుంది. ముప్పై ఐదేళ్ళ అవివాహిత "కాలేదు" అంటుంది. ఆమెకు గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎవరూ చేయరు. ట్రాన్స్ మహిళని అడిగితే ఆమె నవ్వి ఊరుకుంటుంది.

దాని బదులు అడగాల్సినవి మూడు. "ఈ ఆరు నెలల్లో ఎవరితోనైనా కలిశారా?" "మగవాళ్ళతోనా, ఆడవాళ్ళతోనా, ట్రాన్స్ వాళ్ళతోనా, అందరితోనా?" "నోటితోనా, ముందు నుంచా, వెనక నుంచా? మీరు చేశారా, చేయించుకున్నారా?" మూడోది అడగడానికి మొదట్లో నోరు రాదు. అందుకే దాని ముందు కారణం చెప్పాలి: "ఏ చోట చూడాలో, ఎక్కడి నుంచి శాంపిల్ తీయాలో తెలియడానికి అడుగుతున్నాను, అందరినీ అడుగుతాను." ఈ ఒక్క వాక్యంతో చాలామంది సర్దుకుంటారు. ఇంకో సంగతి, "మీరు గేనా?" అని అడగకండి. మన ఊళ్ళలో ఆ మాట తనకు వర్తిస్తుందనుకోని మగవాళ్ళు బోలెడంత మంది. కోతి, పంతి అన్న పేర్లు (మగవాళ్ళతో కలిసే మగవాళ్ళు తమలో తాము వాడుకునేవి) తెలిసినవాళ్ళు కొందరు, ఏ పేరూ పెట్టుకోనివాళ్ళు ఎక్కువమంది. సూక్ష్మజీవికి పేరుతో పని లేదు, మనకీ అంతే.

ఈ ప్రశ్నలు వేసేటప్పుడు గదిలో వెంట వచ్చినవాళ్ళు ఉండకూడదు. "బీపీ చూడాలి, రెండు నిమిషాలు బయట కూర్చోండి" అని అందరి విషయంలోనూ పాటిస్తే ఎవరికీ అనుమానం రాదు. ఓపీ చీటీ మీద మాత్రం "హోమోసెక్సువల్" అని రాయకండి. ఆ చీటీని అమ్మ చదువుతుంది, మందుల షాపు కుర్రాడు చదువుతాడు. "మలద్వారం, గొంతు పరీక్ష అవసరం" అని రాస్తే వైద్యానికి సరిపోతుంది.

పిలుపు విషయంలో తెలుగు మనకు గొప్ప సాయం చేస్తుంది. "వచ్చారు, కూర్చోండి, చెప్పండి" అనే గౌరవ రూపాల్లో ఆడా మగా తేడా లేదు. గొడవంతా "వాడొచ్చాడు, అదొచ్చింది, ఇదెవరు" అన్నప్పుడే. సిస్టరు గారి నుంచి అటెండరు దాకా అందరూ మీరు అనే మాట్లాడితే సగం సమస్య గుమ్మంలోనే తీరుతుంది. మిగతా సగం ఆధార్ కార్డు మీది పేరు పెట్టి గట్టిగా కేకేయడంతో వస్తుంది. టోకెన్ నంబరుతో పిలవండి, లోపలికి వచ్చాక "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని అడగండి. ఒకసారి వరండాలో పాత పేరుతో కేక వినబడితే ఆ మనిషి రెండో డోసుకి రారు.

ఇక పరీక్షల సంగతి. మూత్రం శాంపిల్ ఒక్కటే తీసి "అంతా బాగుంది" అనడం మనం ఎక్కువగా చేసే తప్పు. గనేరియా (సెగ వ్యాధి), క్లమీడియా మలద్వారంలోనో గొంతులోనో ఉంటే మూత్రంలో కనబడవు. పైగా అక్కడ ఉన్నప్పుడు చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. మెడికల్ కాలేజీలోనో పెద్ద ల్యాబులోనో నాట్ పరీక్ష (సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని పట్టేది) చేయించగలిగితే మూడు చోట్ల నుంచీ పంపాలి: గొంతు, మలద్వారం, మూత్రం. పీహెచ్‌సీలో ఆ సౌకర్యం ఉండదు గనక కన్నూ చెయ్యీ వాడాలి. మలవిసర్జనలో నొప్పి, జిగురు, రక్తం, ఇంకా వెళ్ళాలనిపించడం, ఇవన్నీ మొలలని రాసేసి ఆయింట్‌మెంట్ ట్యూబు ఇచ్చి పంపే జబ్బులు. ప్రొక్టోస్కోప్ (మలద్వారం లోపల చూసే గొట్టం) పెట్టి ఒక్క నిమిషం చూడండి. లోపలి పొర ఎర్రగా వాచి, చీములాంటిది కనబడితే అది మొలలు కాదు, ప్రొక్టైటిస్, అంటే పురీషనాళం వాపు. సెఫ్ట్రియాక్సోన్ 500 మి.గ్రా. కండలోకి ఒక్క డోసు, దాంతో డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు 7 రోజులు. రక్తం పడుతున్నా, పుండ్లు కనబడినా అది ఎల్‌జీవీ (క్లమీడియాలోనే లోతుగా పాకే రకం) కావచ్చు, అప్పుడు డాక్సీ 21 రోజులు. వారంతో ఆపేస్తే తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది.

సిఫిలిస్ (సవాయి) దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది పీహెచ్‌సీలోనే పూర్తిగా నయం చేయగలిగిన జబ్బు, పీహెచ్‌సీలోనే ఎక్కువగా చేజారే జబ్బు కూడా. మొదటి పుండుకి నొప్పి ఉండదు. అంగం మీద ఉంటే కనబడుతుంది, మలద్వారం లోపలో నాలుక కిందో ఉంటే పేషెంటుకే తెలియదు. కొన్ని వారాలకి అది మానిపోతుంది. తర్వాత ఒళ్ళంతా మచ్చలు వస్తాయి. ఒళ్ళు చూసి అలర్జీ అనుకుంటాం, స్టెరాయిడ్ క్రీము రాస్తాం. అరచేతులు తిప్పి చూడండి, చెప్పులు విప్పించి అరికాళ్ళు చూడండి. రాగి రంగు మచ్చలు అక్కడ కూడా ఉండి, దురద పెద్దగా లేకపోతే ఆ రోజే ఆర్‌పీఆర్ (సిఫిలిస్ రక్త పరీక్ష) చేయించాలి.

రిపోర్టులో "రియాక్టివ్" అన్న మాట ఒక్కటే చాలదు, టైటర్ (రక్తాన్ని ఎంత పలచన చేసేదాకా పరీక్ష పాజిటివ్‌గా వస్తోందో చెప్పే అంకె) రాయమని ల్యాబ్ టెక్నీషియన్‌కి చెప్పండి: 1:8, 1:32 అని. వైద్యం పనిచేసిందో లేదో తెలిసేది దాంతోనే. 1:32 ఉన్నది ఆరు నెలల నుంచి ఏడాదిలో 1:8కి, అంటే నాలుగో వంతుకి దిగాలి. సిఫిలిస్‌కే చేసే ఇంకో రక్త పరీక్ష టీపీహెచ్‌ఏ మాత్రం ఒకసారి పాజిటివ్ అయితే సాధారణంగా జీవితాంతం అలాగే ఉంటుంది. దాన్ని చూసి మళ్ళీ మళ్ళీ ఇంజెక్షన్లు పొడవకూడదు.

మందు బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, ఒక్కో పిరుదులో 12 లక్షల చొప్పున. జబ్బు మొదలై రెండేళ్ళు దాటినా, ఎప్పటిదో తెలియకపోయినా వారానికొకటి చొప్పున మూడు వారాలు. ఈ మందు చిక్కగా ఉంటుంది. పొడిలో స్టెరైల్ వాటర్ కలిపి, గట్టిగా కుదిపి, 21 గేజ్ సూదితో ఎక్కడా ఆపకుండా ఇచ్చేయాలి. కలిపి పక్కన పెట్టి ఇంకో పేషెంటు దగ్గరికి వెళ్ళొస్తే సూదిలో గడ్డకట్టి సగం డోసు వృథా అవుతుంది. ఇంతకుముందు పెన్సిలిన్ పడలేదా అని అడగడం, అడ్రినలిన్ చేతికందేలా పెట్టుకోవడం, అరగంట కూర్చోబెట్టడం తప్పనిసరి. పెన్సిలిన్ పడనివారికి, తొలిదశ అయితే, డాక్సీ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు 14 రోజులు. "ఇవాళ రాత్రి జ్వరం, ఒళ్ళు నొప్పులు రావచ్చు, రేపటికి తగ్గుతుంది, మందు పడక కాదు" అని ముందే చెప్పండి. చెప్పకపోతే పెన్సిలిన్ పడలేదని రాయించుకుని తిరుగుతారు. ట్రాన్స్ మహిళ అయితే "పిరుదుల్లో, తుంటి దగ్గర సిలికాన్ ఏమైనా వేయించుకున్నారా?" అని అడగకుండా గుచ్చవద్దు. వేయించుకుని ఉంటే అక్కడ సూది దిగకూడదు, పెద్దాసుపత్రికి పంపండి లేదా డాక్సీతో వెళ్ళండి.

హెచ్ఐవీలో గడియారం ముఖ్యం. కండోమ్ చిరిగిందనో, బలవంతం జరిగిందనో ఎవరైనా వస్తే మొదట "ఎన్ని గంటలైంది?" అని అడగండి. 72 గంటల లోపు పెప్ (వైరస్ తగిలిందేమో అన్నప్పుడు అంటకుండా వేసే మందు) మొదలుపెట్టాలి. ఎంత ముందైతే అంత మేలు, రెండో గంటకీ డెబ్భయ్యో గంటకీ చాలా తేడా ఉంది. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. కలిసిన ఒకే మాత్ర, రోజుకొకటి, 28 రోజులు. టెస్టు రిపోర్టు కోసం, సోమవారం కోసం ఆగకూడదు. మొదటి మాత్ర వేయించి తర్వాత మిగతావి చూడాలి. ఐరన్, కాల్షియం మాత్రలు, గ్యాస్‌కి తాగే యాంటాసిడ్ సిరప్ డోలుటెగ్రావిర్‌ని ఒంటికి పట్టనివ్వవు. మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాతో, ఆరు గంటల ముందో అవి తీసుకోవాలి. మన ఓపీలో యాంటాసిడ్ రాయని చీటీ ఉండదు కాబట్టి ఇది గుర్తుంచుకోండి.

మళ్ళీ మళ్ళీ పెప్ కోసం వచ్చేవారికి కావలసింది ప్రెప్, అంటే కలవకముందు నుంచే వేసుకునే రక్షణ మాత్ర: టెనోఫోవిర్ 300, ఎంట్రిసిటబిన్ 200 మి.గ్రా. రోజూ ఒక మాత్ర. ముందు హెచ్ఐవీ నెగటివ్ అని తేల్చుకోవాలి, హెపటైటిస్-బి, క్రియాటినిన్ చూడాలి, తర్వాత మూడు నెలలకోసారి హెచ్ఐవీ టెస్టు. ఎప్పుడో ఒకసారి కలిసే మగవాళ్ళకి ఇంకో పద్ధతి ఉంది: కలవడానికి 2 నుంచి 24 గంటల ముందు రెండు మాత్రలు, ఆ డోసు నుంచి 24 గంటలకి ఒకటి, 48 గంటలకి ఇంకొకటి. ఈస్ట్రోజన్ వాడే ట్రాన్స్ మహిళలకి, ట్రాన్స్ పురుషులకి, ఆడవాళ్ళకి ఈ పద్ధతి చెప్పకూడదు, వాళ్ళకి రోజువారీ మాత్రే. హెపటైటిస్-బి ఉన్నవాళ్ళకీ అంతే, మందు ఆపి ఆపి వాడితే కాలేయం దెబ్బతినవచ్చు. బి లేనివారికి టీకా 0, 1, 6 నెలల్లో మూడు డోసులు వేయించేయండి.

కండోమ్ ఎందుకు చిరిగిందో కూడా అడగండి. చాలాసార్లు జవాబు కొబ్బరి నూనె. నూనె తగిలితే లేటెక్స్ నిమిషాల్లో బలహీనపడుతుంది. నీటితో చేసిన జెల్లే వాడాలి. మీ ప్రాంతంలో నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) కింద పనిచేసే సంస్థ ఉంటే కండోమ్‌తో పాటు జెల్ అడిగి తెప్పించుకోండి.

పెళ్లయిన మగవాడికి హెచ్ఐవీ వస్తే భార్య సంగతేమిటని మీకు గుబులు పుడుతుంది. పుట్టాలి కూడా. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా టెస్టు చేయకూడదు, ఫలితం ఇంకెవరికీ చెప్పకూడదు. భార్యకి చెప్పడానికి మాత్రం దారి ఉంచింది: అతనికి కౌన్సెలింగ్ ఇవ్వాలి, అతను చెప్పడని మీకు నిర్ధారణ కావాలి, మీరు చెప్పబోతున్నారని అతనికి తెలియజేయాలి, ఆమెకి కౌన్సెలింగ్ ఇచ్చి ముఖాముఖీ చెప్పాలి. అప్పుడు కూడా చెప్పాల్సింది హెచ్ఐవీ గురించే, అతను ఎవరితో కలిశాడన్నది కాదు. ఆచరణలో పనిచేసేది ఇంకోటి: "మీరిద్దరూ కలిసి రండి, ఇద్దరికీ షుగరు, బీపీతో పాటు ఈ టెస్టు కూడా చేద్దాం" అని అతని నోటితోనే అనిపించడం. ఇద్దరి అనుమతితోనే సుమా. మందు క్రమంగా వాడి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) కనబడని స్థాయికి దిగితే కలయిక ద్వారా ఎవరికీ అంటదని చెప్పండి. మాత్ర మానకుండా ఉండడానికి దీన్ని మించిన మాట లేదు.

ట్రాన్స్ మహిళల హార్మోన్ల దగ్గరికి వద్దాం. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అంటే "లేదు" అంటారు, ఎందుకంటే డాక్టరు రాసినవి కావు. "సంచిలో ఉన్న స్ట్రిప్ చూపించండి" అనండి. ఎక్కువసార్లు బయటికి వచ్చేది మాలా-డి. ఆ ప్యాకెట్‌లో 28 బిళ్ళలుంటాయి: 21 హార్మోనువి, రంగు తేడాగా ఉన్న 7 ఐరన్‌వి. ఒక్కో హార్మోను బిళ్ళలో ఎథినైల్ ఈస్ట్రడయాల్ 30 మైక్రోగ్రాములు. ఛాతీ త్వరగా పెరగాలని రోజుకి నాలుగు మింగితే 120 మైక్రోగ్రాములు. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువగా తెచ్చే ఈస్ట్రోజన్ ఇదే, అందుకే ట్రాన్స్ వైద్యంలో దీన్ని ఎప్పుడో వదిలేశారు. సిగరెట్ తోడైతే ఇంకా ప్రమాదం. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉన్నా, హఠాత్తుగా ఆయాసమో ఛాతీ నొప్పో వచ్చినా ఆ క్షణమే అంబులెన్సు పిలవండి.

వాడాల్సింది ఈస్ట్రడయాల్ వాలరేట్, రోజుకు 2 నుంచి 6 మి.గ్రా., 2తో మొదలు. దాంతో టెస్టోస్టిరాన్ తగ్గించే మందు, స్పైరొనోలాక్టోన్ గానీ తక్కువ డోసు సైప్రొటెరోన్ గానీ (10 మి.గ్రా. చాలు, 50 వేసుకుంటే ఎక్కువ ఆడతనం రాదు, అపాయం పెరుగుతుంది). స్పైరొనోలాక్టోన్ వాడితే బీపీ, పొటాషియం, క్రియాటినిన్ చూస్తుండాలి. తెలంగాణలో అయితే టీ-డయాగ్నస్టిక్స్‌కి (ప్రభుత్వ ల్యాబు) మీ పీహెచ్‌సీ నుంచే రక్తం పంపవచ్చు. మొదటి ఏడాది మూడు నెలలకోసారి పరీక్ష. టెస్టోస్టిరాన్ 50 నానోగ్రాముల లోపు, ఈస్ట్రడయాల్ 100 నుంచి 200 పికోగ్రాముల మధ్య ఉండాలి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది: మాలా-డి మింగేవారి రక్తంలో ఈస్ట్రడయాల్ పరీక్ష చేస్తే తక్కువ చూపిస్తుంది, ఆ పరీక్ష ఎథినైల్ ఈస్ట్రడయాల్‌ని పట్టదు. అది చూసి "హార్మోన్ చాలడం లేదు" అని డోసు పెంచితే మనిషిని మనమే ప్రమాదంలోకి తోసినట్టు. మీకు హార్మోన్లు రాసే అనుభవం లేకపోతే ఎండోక్రైనాలజిస్ట్ దగ్గరికి పంపండి, కానీ ఉత్త చేతులతో కాదు. "మానేయండి" అని మాత్రమే చెబితే మానరు, మీ దగ్గరికి రావడం మానేస్తారు.

హార్మోన్లు పాడవుతాయేమోనని హెచ్ఐవీ మందు వదిలేసినవాళ్ళు కూడా తగులుతారు. ఇప్పుడిచ్చే టీఎల్‌డీ మాత్ర (పైన పెప్‌కి చెప్పిన మూడు మందుల మాత్రే) ఈస్ట్రోజన్‌ని తగ్గించదు. ఈ మాట మీరే ఎత్తి చెప్పండి, వాళ్ళు అడగరు.

నిర్వాణం (అంగం, వృషణాలు తీసేయించుకోవడం) అయినవారిని ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చేశారని నిలదీయకుండా "మూత్రం ధార ఎలా వస్తోంది?" అని అడగండి. అర్హత లేనివాళ్ళు కోసినచోట మూత్రద్వారం సన్నబడిపోతుంది. సన్నగా, పక్కకి, చుక్కలుగా వస్తుంటే యూరాలజీకి పంపాలి. పూర్తిగా ఆగిపోతే కాథెటర్‌ని బలవంతంగా తొయ్యకండి, కొత్త దారి పడుతుంది. పొత్తికడుపు మీద నుంచి మూత్రం తీయగల చోటికి వెంటనే పంపండి. వృషణాలు తీసేశాక టెస్టోస్టిరాన్ తగ్గించే మందు ఇక అక్కర్లేదు. కానీ ఈస్ట్రోజన్ కూడా లేకుండా ఏళ్ళ తరబడి ఉంటే ఎముకలు గుల్లబారతాయి. ప్రొస్టేట్ మాత్రం అలాగే ఉంటుంది. యాభై దాటినవారికి రాత్రిళ్ళు మూత్రం ఇబ్బంది ఉంటే అది గుర్తుకు రావాలి.

ట్రాన్స్ పురుషులది దీనికి తిరగేసిన కథ. టెస్టోస్టిరాన్ వాడుతున్నా, నెలసరి ఆగిపోయినా గర్భం రావచ్చు, అది గర్భనిరోధకం కాదు. హిమోగ్లోబిన్ 16 ఉంటే ల్యాబు "స్త్రీ" అని చూసి ఎక్కువని గుర్తు పెడుతుంది, మగవాళ్ళ పరిధితో పోల్చండి. హిమాటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 54 శాతం దాటితే డోసు తగ్గించాలి. గర్భాశయం ఉంటే దాని పరీక్షలన్నీ ఉంటాయి.

లెస్బియన్, బైసెక్సువల్ ఆడవాళ్ళకి మన వ్యవస్థ చేసే అన్యాయం నిశ్శబ్దంగా జరుగుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ చర్మం చర్మానికి తగిలినా అంటుతుంది, దానికి మగవాడే అక్కర్లేదు. 30 నుంచి 65 ఏళ్ళ వారికి మీ ఎన్‌సీడీ (అంటువ్యాధులు కాని జబ్బుల) క్లినిక్‌లో చేసే వీఐఏ పరీక్షకి (గర్భాశయ ముఖద్వారానికి వెనిగర్ లాంటి ద్రావణం రాసి చూసేది) పెళ్లి షరతు ఎక్కడా లేదు. ఏఎన్ఎం గారికి ఈ విషయం నేరుగా చెప్పండి. అన్నిటికంటే చిన్న స్పెక్యులమ్ గోరువెచ్చని నీళ్ళలో తడిపి వాడండి, నొప్పి అంటే ఆపండి. తెల్లబట్ట దుర్వాసనతో మళ్ళీ మళ్ళీ అవుతుంటే భాగస్వామిని కూడా చూడాలి, బాక్టీరియల్ వజైనోసిస్ ఆడవాళ్ళ మధ్య పాకుతుంది.

ఇళ్ళలోంచి "మా అమ్మాయిని మార్చండి" అని తీసుకొచ్చే కేసులు ఎక్కువగా ఈ అమ్మాయిలవే. మార్చే వైద్యం లేదు. స్వలింగ ఆకర్షణ జబ్బు కాదని భారత మానసిక వైద్యుల సంఘం 2018లోనే చెప్పింది. మద్రాసు హైకోర్టు 2021 తీర్పు తర్వాత, కన్వర్షన్ థెరపీ చేయడం వైద్యవృత్తికి విరుద్ధమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య మండలి 2022లో రాష్ట్రాల మండళ్ళకి రాసింది. అంటే నిద్రమాత్రలు, ఇంజెక్షన్లు, "పెళ్లి చేస్తే కుదురుతుంది" అన్న సలహా ఏవీ మీ చీటీ మీద ఉండకూడదు. తల్లిదండ్రులతో విడిగా కూర్చుని "పరీక్ష చేశాను, జబ్బేమీ లేదు. నిద్ర, తిండి తగ్గాయి, దానికి మందు ఇస్తాను" అనండి, అది నిజంగా తగ్గి ఉంటే. అమ్మాయితో ఒంటరిగా రెండు ప్రశ్నలు: "ఇంట్లో కొడుతున్నారా? చనిపోవాలనిపించిందా?" రెండోది అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే ఎలా, ఎప్పుడు అనుకుందో అడగండి. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే తాళం వేయించండి, 14416 టెలీ మానస్‌కి (ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ) మీ ఫోన్ నుంచే కలపండి.

పంపాల్సి వస్తే ఎక్కడికి? తెలంగాణలో 2024 డిసెంబరులో ప్రభుత్వం 33 మైత్రీ ట్రాన్స్ క్లినిక్‌లు మొదలుపెట్టింది, మీ జిల్లాది ఏ రోజు నడుస్తుందో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ఉస్మానియా ఆసుపత్రిలో 2022లో ఇద్దరు ట్రాన్స్ వైద్యులు, ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్, ప్రభుత్వ మెడికల్ ఆఫీసర్లుగా చేరారు. రెండు రాష్ట్రాల్లోనూ ఐసీటీసీ (హెచ్ఐవీ టెస్టు, కౌన్సెలింగ్ చేసే), ఏఆర్‌టీ (హెచ్ఐవీ మందులిచ్చే) కేంద్రాల చిరునామాలు 1097కి ఫోన్ చేస్తే చెబుతారు. సర్జరీ, హార్మోన్ల ఖర్చుకి ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఉంది, దానికి జాతీయ పోర్టల్ ద్వారా వచ్చే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం కావాలి. హైదరాబాదులో ట్రాన్స్ వాళ్ళ కోసం 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్, అమెరికా నిధులు ఆగిపోయి 2025 మొదట్లో మూతపడినప్పుడు, హార్మోన్లకీ హెచ్ఐవీ మందులకీ అక్కడికి వెళ్ళేవారంతా ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. తర్వాత అది వేరే పేరుతో తెరుచుకుంది, సంతోషమే. కానీ విదేశీ డబ్బుతో నడిచే ఒక గది మూతపడితే మనుషులు దిక్కులేకుండా పోకూడదంటే మీ పీహెచ్‌సీ ఓపీ పనిచేయాలి. అందుకే ఇంత రాశాను.

రెఫరల్ చీటీ ఇలా ఉంటే చాలు: "పిలవాల్సిన పేరు ఫలానా. ఒంట్లో ఉన్న అవయవాలు: ప్రొస్టేట్ ఉంది, వృషణాలు లేవు. వాడుతున్నవి: ఈస్ట్రడయాల్ వాలరేట్ 2 మి.గ్రా. ఆర్‌పీఆర్ 1:32, బెంజథీన్ 24 లక్షలు ఫలానా తేదీన ఇచ్చాం, ఆరు నెలలకి మళ్ళీ టైటర్. ఇబ్బంది: మూత్రం సన్నగా వస్తోంది." దాన్ని మడిచి కవర్లో పెట్టి, పేషెంటు చేతికే ఇవ్వండి.